ధూపపాత్రకు పచ్చరంగు

పన్నెండో నెల పదిహేనో తేదీ పొద్దున్న దౌ వెన్‌బిన్ పెట్టుకున్నవి మూడే పనులు. శవపేటికలు అమ్మే పక్కింటాయన దగ్గర అడిగి తెచ్చుకున్న నల్లపట్టు కోటు తొడుక్కోవడం, పూజబల్ల మీదున్న కంచు ధూపపాత్రను ఎర్రగుడ్డలో చుట్టడం, దాన్ని జిల్లా దొర రువాన్‌గారి ముందు పెట్టి చెరసాలలో ఉన్న తమ్ముణ్ణి ఇంటికి తెచ్చుకోవడం. మూడూ భోజనాల వేళకి అయిపోతాయని లెక్కవేసుకుని, తను నడిపే వీధిబడికి ఆ పూట సెలవు కూడా ఇచ్చేశాడు.

తమ్ముడు లియాంగ్ చేసిన నేరం నవ్వడం. పదో నెలలో ఒకనాడు దొరగారి పల్లకి షిచావ్ పట్టణం బజారులోంచి వెళ్తుండగా ముందు బోయీ గుంటలో కాలేశాడు. పల్లకి ఒరిగింది. దొరగారు ఎలాగో నిలదొక్కుకున్నారు గాని ఆయన టోపీ నిలదొక్కుకోలేదు. ఎగిరి వెళ్లి నూడుల్స్ అమ్మేవాడి కుండలో పడింది. వాడు అలవాటు కొద్దీ దాన్ని గరిటెతో ఒకసారి తిప్పాడు కూడా. బజారులో ఉన్నవాళ్లంతా బుద్ధిమంతులు కాబట్టి తలలు దించుకున్నారు, లియాంగ్ ఒక్కడే నవ్వాడు. "అధికార శిరోభూషణానికి అవమానం" అని కాగితం రాసి వాణ్ణి లోపలేశారు. ఎన్నాళ్లకో రాయలేదు.

ఇప్పుడు పదిహేను. ఇరవయ్యో తేదీ మధ్యాహ్నం, ఒంటిగంట నుంచి మూడు దాకా ఉండే మేక వేళలో, ప్రతి ఏడూ జరిగినట్టే కచేరీ ముద్రను పెట్టెలో పెట్టి పెట్టెకు ఎర్రకాగితం అంటించేస్తారు. మళ్లీ కొత్త సంవత్సరం మొదటి నెల ఇరవైన గాని తీయరు. ముద్ర పడని కాగితం చిత్తుకాగితం, కాబట్టి ఆ నెల రోజులూ చెరసాలలోంచి చీమ కూడా బయటికి రాదు. లియాంగ్ దగ్గులో అప్పటికే నెత్తురు పడుతోంది. చెరసాల కాపలావాడు మంచివాడే. వెన్‌బిన్‌ని పక్కకి పిలిచి, "పంతులుగారూ, ఇరవైలోపు వస్తే మనిషిని తీసుకెళ్తారు. తర్వాతైతే నేను మాటివ్వలేను," అన్నాడు.

దొరగారికి వెండి ఇస్తే కోపం వస్తుంది, పాత కంచు ఇస్తే రాదు. ఈ రహస్యం చెప్పినవాడు కచేరీ మున్షీ యాన్. "మీ ఇంట్లో మింగ్ కాలం నాటి ధూపపాత్ర ఉందటగా. పండిన రేగుపండు రంగని విన్నాను. దొరవారి చెవిన వేశాను. పదిహేనున పట్టుకురండి, విడుదల కాగితం నేను రాసి ఉంచుతాను," అన్నాడు.

రేగుపండు రంగన్న మాట నిజం. మూడు కాళ్లు, రెండు చెవులు, నాలుగు వందల ఏళ్లకు పైబడ్డ పాత్ర. అడుగున రాజుగారి పాలన పేరుతో ఆరక్షరాల ముద్ర. నడుం చుట్టూ మెలికల మధ్య అటొకటి ఇటొకటి మృగం ముఖాలు. పెద్ద గుడ్లు, కొమ్ములు, కింది దవడ లేదు. తావ్‌తియె అనే ఆ మృగం తిండిపోతనీ, అందరినీ తినేసి చివరికి తన ఒళ్లు తనే తినేసిందనీ, అందుకే ముఖమొక్కటే మిగిలిందనీ తాత చెప్పేవాడు. ఆ రంగు పోతపోసినప్పుడు వచ్చింది కాదు. రోజూ లోపల సన్నటి నిప్పు వేసి వెచ్చబెట్టి, అరచేత్తో నిమిరి నిమిరి తెచ్చిన రంగు. తాత నిమిరాడు, తండ్రి నిమిరాడు. పన్నెండో ఏట నుంచి వెన్‌బిన్ నిమిరాడు. ముప్ఫై ఏళ్లు ఒక మనిషి అరచెయ్యి ఆ పాత్ర మీద ఉంది.

కోటు తొడుక్కుని పూజగదిలోకి వచ్చేసరికి బల్ల మీద కొత్త ఇత్తడి బిందె లాంటిది ఒకటి తళతళలాడుతోంది. తల్లి దాని పక్కన చేతులు తుడుచుకుంటూ కూర్చుని ఉంది.

"ఏంటమ్మా అది?"

"ధూపపాత్రేరా పెద్దోడా. చూశావా, నువ్వే గుర్తుపట్టలేదు," అంది ముసలమ్మ సంబరంగా. "మూడు తరాల మసి. మీ తాత తోమలేదు, మీ నాన్న తోమలేదు. నేను తోముతానంటే తోమనివ్వనూ లేదు. పెద్దింటికి పంపే వస్తువు అంత మురికిగా ఉంటే మన చిన్నోణ్ణి ఏం వదుల్తారు? కోడి కూయకముందే కూర్చున్నా. ఊకబూడిద, జొన్న వెనిగర్, బీరపీచు. ఆ మృగం ముక్కులో మసి రాకపోతే వెదురుపుల్లతో గీకా."

వెన్‌బిన్ నోట్లో పెద్ద మాటే ఒకటి తిరిగింది గాని, అంతలో ఆమె చేతులు చూశాడు. డెబ్బై ఏళ్ల చేతులు, చలికి ముందే పగిలినవి, వెనిగర్‌లో నాని చీలికలు ఎర్రగా నోళ్లు తెరిచాయి.

"బాగుంది కదరా?"

"బాగుందమ్మా," అన్నాడు.

ఎర్రగుడ్డలో చుట్టుకుని వీధిలోకి వచ్చాక గాని అతనికి ఏడుపు రాలేదు. అది దిగమింగుకుని తిన్నగా పాంగ్ కొట్టుకి వెళ్లాడు. పాంగ్ పైకి చెంబులకూ కాగులకూ మాట్లు వేసేవాడు. లోపలి పని వేరే ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. ఎంత కడుక్కున్నా అతని వేళ్లు పచ్చగానే ఉండేవి.

పాంగ్ గుడ్డ విప్పి చూసి, "ఎవరు చేశారీ పని?" అన్నాడు.

"మా అమ్మ."

"అయితే ఏం తిట్టలేం," అని నిట్టూర్చాడు పాంగ్. "ఏం కావాలి మీకు?"

"పాత రంగు తెప్పించాలి. రేగుపండు రంగు."

"రేగుపండు రంగుకి అరవై ఏళ్లు కావాలి పంతులూ. పచ్చరంగుకి నాలుగు రోజులు చాలు. మీ తమ్ముడికి ఏది సరిపోతుందో మీరే చెప్పండి."

మింగ్ పాత్రకి పచ్చరంగేమిటని వెన్‌బిన్ గొణిగాడు. పాంగ్ నవ్వాడు. "దొరవారికి పచ్చరంగంటే ప్రాణం, వేల ఏళ్లు మట్టిలో ఉన్న కంచుకే అది పడుతుందని. అడుగున ముద్ర మాత్రం మైనంతో పూడ్చేస్తాను. ఇంత పచ్చ మీద మింగ్ ముద్ర ఉంటే పండుముసలికి ఉయ్యాల కట్టినట్టుంటుంది." నవసాగరం, ఉప్పు, వెనిగర్, రాగి చిలుం కలిపి ముద్దచేసి పాత్రకి మెత్తాడు. ఉత్తరపు గోడ బయట చవుడు నేలలో అతనికో గొయ్యి ఉంది. అందులో గుర్రపు లద్దె నింపి, ఆ వెచ్చదనంలో పాత్రను పాతిపెట్టాడు. "పంతొమ్మిది పొద్దున్న మీరే తవ్వుకోండి. చలికి నా మోకాళ్లు వంగవు," అన్నాడు.

మున్షీ దగ్గరికి వెళ్లి పంచాంగంలో ఇవాళ బహుమానాలకు మంచిరోజు కాదని చెప్పాడు వెన్‌బిన్. మున్షీ యాన్ గోడకున్న పంచాంగం కేసి చూశాడు. అక్కడ "బహుమానాలకు దివ్యమైన రోజు" అని ఉంది. పెద్దమనిషి కాబట్టి ఏమీ అనలేదు. "పంతొమ్మిది దాటనివ్వకండి పంతులుగారూ. ఇరవైన దొరవారు బహుమానాలు పుచ్చుకోరు," అన్నాడు.

పంతొమ్మిదిన తెల్లారగానే వెన్‌బిన్ పట్టుకోటుతోనే గొయ్యి దగ్గరికి వెళ్లాడు. అట్నుంచటే కచేరీకి వెళ్లాలని తొందర. మోకాళ్లదాకా లద్దెలో దిగి పార వేస్తుంటే, పొద్దున్నే అటు పనిమీద వచ్చిన వీధిపెద్ద గావ్ ఆగి చూశాడు. వీధిపెద్ద అన్నవాడు ఏడాదిలో ఒక్క కేసైనా పట్టి కచేరీకి అప్పగించాలి. గావ్‌కి ఆ ఏడు ఒక్కటీ దొరకలేదు, ముద్ర మూసేది మర్నాడే.

"పట్టుకోటేసుకుని ఏం తవ్వుతున్నారు పంతులుగారూ?"

"ముల్లంగి దుంపలండీ. చలికి పాడవుతాయని పాతిపెట్టుకున్నాం," అన్నాడు వెన్‌బిన్.

"చవుడు నేలలోనా?"

"ఉప్పు వేసే పని తప్పుతుందని."

గావ్ తల ఊపాడు. ఆ గొయ్యి పక్కనే పాత దిబ్బ ఒకటి ఉంది. ఎవరి సమాధో ఊళ్లో ఎవరికీ తెలియదు. గావ్ దిబ్బ కేసి చూశాడు, పార కేసి చూశాడు, లద్దెలోంచి పైకి తేలుతున్న కంచు చెవి కేసి చూశాడు. "ముల్లంగి బాగా ఊరింది," అని చెప్పి వెళ్లిపోయాడు.

కచేరీ వెనక దొరగారి గదిలో గోడకి పెద్ద అల్మారా, అందులో పదకొండు కంచు పాత్రలు. దొరగారు వాటి ముందు నిలబడి ఉన్నారు. వెన్‌బిన్ మోకరిల్లి గుడ్డ విప్పాడు. పాంగ్ పనిమంతుడే. పాత్ర ఒళ్లంతా నాచు పట్టినట్టు పచ్చగా, అక్కడక్కడ పొలుసులు రేగి, మృగం గుడ్లు రెండూ ఆ పచ్చలోంచి మిడిగుడ్లేసుకుని చూస్తున్నాయి.

మున్షీ యాన్ కంగారుపడ్డాడు. "దొరవారూ, నేను రేగుపండు రంగని విన్నవించాను..."

"అది వేరేదండీ," అన్నాడు వెన్‌బిన్. అబద్ధం అంత సాఫీగా ఎలా వచ్చిందో అతనికే ఆశ్చర్యం. "దొరవారి స్థాయికి అది చాలదనిపించింది. ఇది ఇంకా పాతది."

దొరగారు పాత్రను ముక్కు దగ్గరికి తెచ్చుకుని కళ్లు మూసుకున్నారు. నాలుక చివరతో తాకి చూశారు. "ఉప్పగా ఉంది. పులుపు ఉంది. లోపల్లోపల పశువుల వాసన," అన్నారు మెల్లగా. "శాంగ్ రాజుల బలిపశువులయ్యా అవి. ఈ ముఖం చూశావా యాన్? తావ్‌తియె. దీనికి మూడువేల ఏళ్లు. ఓ రోజు అటూ ఇటూ కావచ్చు."

వెన్‌బిన్ నేలకి నుదురు ఆనించాడు. దొరగారు కుర్చీలో కూర్చుని, మున్షీ రాసి ఉంచిన విడుదల కాగితం ముందుకి లాక్కుని, సంతకానికి కుంచె సిరాలో ముంచారు. అదే క్షణాన వీధిపెద్ద గావ్ ఇచ్చిన ఫిర్యాదు లోపలికి వచ్చింది. మున్షీ పైకి చదివాడు. వీధిబడి పంతులు దౌ వెన్‌బిన్ ఉత్తరపు గోడ బయట పాత సమాధి పక్కన తవ్వుతూ కనిపించాడు, గోతిలోంచి కంచు పాత్ర తీశాడు, అడిగితే ముల్లంగి అన్నాడు.

కుంచె మీంచి సిరాచుక్క ఒకటి జారి బల్ల మీద పడింది. సమాధి తవ్వినవాడికి శిక్ష మెడకి తాడు. తవ్విన వస్తువు ఏ అధికారి బల్ల మీద దొరికితే ఆ అధికారికి ఉద్యోగం పోవడంతో ఆగదు. దొరగారు ఆ రెండూ ఒకేసారి ఆలోచించినట్టున్నారు, వెంటనే లేచి నిలబడి చాలా నీతిమంతుడైపోయారు.

"దుర్మార్గుడా, సమాధులు దోచిన సొమ్ము నాకే తెస్తావా?" అని గద్దించి, వెన్‌బిన్‌ని లోపలేయమన్నారు. పాత్రను మాత్రం జాగ్రత్తగా పెట్టమని చెప్పారు.

కాపలావాడు వెన్‌బిన్‌ని తమ్ముడున్న గదిలోకే పంపాడు. అది అతను చేయగలిగిన ఉపకారం. లియాంగ్ గడ్డి మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఇరవయ్యారేళ్లవాడు. బుగ్గలు లోపలికి పోయి, తాత ముఖంలా ఉంది వాడి ముఖం.

"అన్నయ్యా, నన్ను తీసుకెళ్లడానికి వచ్చావా?"

"అందుకే వచ్చానురా. కాస్త ఆలస్యమయ్యేట్టుంది."

జరిగినదంతా చెప్పాడు. బీరపీచు దగ్గర లియాంగ్ పెదాలు బిగపట్టాడు. ముల్లంగి దగ్గర ఇక ఆపుకోలేకపోయాడు. దొరగారు నాలుక పెట్టి చూసి పశువుల వాసన అన్నారని చెప్పేసరికి పడీపడీ నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఎంతకీ ఆగలేదు, చొక్కా చెయ్యి ఎర్రబడింది.

"నవ్వకురా. నవ్వే కదా నిన్ను ఇక్కడికి తెచ్చింది."

"ఇంకెక్కడికి తీసుకెళ్తుందిలే అన్నయ్యా," అన్నాడు లియాంగ్ ఆయాసపడుతూ. "అమ్మకి చెప్పకు, పాపం. తోమినందుకే ఇదంతా అని తెలిస్తే తట్టుకోలేదు."

వెన్‌బిన్ తమ్ముడి పాదాలు తన కోటులో పెట్టుకున్నాడు. అవి రాళ్లలా చల్లగా ఉన్నాయి. ఎంత రుద్దినా వేడెక్కలేదు. ఉరి తనకి పడుతుందేమోనన్న భయం కంటే ఆ చల్లదనమే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

ఇరవయ్యో తేదీ పొద్దున్న విచారణ. ఆ ఏడాదికి అదే ఆఖరి కేసు కాబట్టి జనం బాగా వచ్చారు. పాత్రకి రంగు వేసింది పాంగ్ అని వెన్‌బిన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పాంగ్‌ని పిలిపించారు.

"ఆ పాత్ర నేనెన్నడూ చూడలేదు దొరవారూ," అన్నాడు పాంగ్. వెనక్కి వెళ్లి మోకరిల్లుతూ వెన్‌బిన్ చెవిలో, "లోపల అల్మారాలో పదకొండున్నాయి పంతులూ. ఇది నాదని ఒప్పుకుంటే అవెవరివి అంటారు? నేనూ పోతాను, మీరూ పోతారు. ఒకళ్లు పోతే చాలదా?" అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదని వెన్‌బిన్‌కి అనిపించింది. అదే అతనికి మరీ దిగులు కలిగించింది.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ముసలమ్మ వచ్చింది. చంకలో ఇత్తడి బేసిను, అందులో ఊకబూడిద మూట, వెనిగర్ సీసా, బీరపీచు. పాత్ర మురిగ్గా ఉన్నందుకు దొరగారికి కోపం వచ్చి పెద్దకొడుకుని కూడా కట్టేశారని వీధిలో ఎవరో చెప్పారట.

"తప్పు నాది దొరవారూ," అని సాగిలపడింది. "నేను తోమే ఇచ్చాను, ఒట్టు. ఐదు రోజుల్లో ఇంత పాచి ఎలా పట్టిందో తెలీదు. వాడికి కోపం రాదు, నాకు చెప్పడు. ఒక్క అగరొత్తి కాలేంత సేపు ఇవ్వండి, అద్దంలా చేసి పెడతా."

దొరగారు ఔననేలోపే, కాదనేలోపే ఆమె పాత్రను బేసినులోకి దించేసింది. బీరపీచు రెండుసార్లు తిరిగేసరికి పచ్చనీళ్లు కారాయి. మూడువేల ఏళ్లూ నురగై బేసినులో తేలాయి. కింద నుంచి తళతళా పసుపురంగు బయటపడింది. ఆమె జడపిన్నీసు తీసి అడుగున మైనం గీకింది. మున్షీ యాన్ వంగి ఆరక్షరాలూ చదివాడు. "మహా మింగ్, షువాన్‌దె పాలనలో చేసినది. దొరవారూ, ఇది ఇంట్లో పెట్టుకునే పాత్రే. ఏ సమాధిలోదీ కాదు."

వీధిపెద్ద గావ్ జనంలోకి జారుకున్నాడు. వెన్‌బిన్‌కి తాడు తప్పింది. కాని ఎవరూ సంతోషించలేదు, ఎందుకంటే దొరగారు బేసినులోని పచ్చనీళ్ల కేసి చూస్తున్నారు. తర్వాత ఆయన చూపు పాంగ్ వేళ్ల మీదికి వెళ్లింది. సభలో ఉన్నవాళ్లంతా బజారులో లాగే మళ్లీ తలలు దించుకున్నారు.

జనాన్ని వెళ్లగొట్టి, తల్లినీ కొడుకునీ పాంగ్‌నీ వెనక గదిలోకి తీసుకెళ్లమన్నారు దొరగారు. అల్మారా తలుపులు తీశారు. "తోము," అన్నారు ముసలమ్మతో. "అన్నీ తోము. నీ చిన్నకొడుకుని వదిలేస్తాను."

మున్షీ యాన్ విడుదల కాగితం బల్ల మీద పరిచాడు. దొరగారు సంతకం పెట్టారు. ముద్ర పెట్టె పక్కనే ఉంది. "దొరవారూ, మేక వేళ దగ్గరపడింది. ముందు దీని మీద ముద్ర వేసేస్తే..."

"ఉండు. ముందు తెలియనీ."

మొదటిది తోమితే పచ్చనీళ్లు. "నీదేనా?" అన్నారు దొరగారు. "నాదే," అన్నాడు పాంగ్ తలెత్తకుండా. రెండోది. "నాదే." ఏడో పాత్ర వద్ద దొరగారు కుర్చీలో కూలబడ్డారు. అది పండగనాడు స్నేహితులందరికీ చూపించి పద్యం చెప్పిన పాత్ర. పదోదీ తళతళలాడింది. మున్షీ మళ్లీ "దొరవారూ, ముద్ర," అన్నాడు. దొరగారు వినిపించుకోలేదు. పాంగ్‌ని ముందు వసారాలోకి ఈడ్చుకెళ్లి నలభై దెబ్బలు కొట్టమని చెప్పి, తను ముద్ర మూసే పూజకి లాంఛనపు దుస్తులు వేసుకోవడానికి లేచారు. "ఆ మిగిలిన ఒక్కటీ కానియ్యండి. వచ్చి ముద్ర వేస్తాను," అన్నారు.

పదకొండోది వెనక వరసలో ఉన్న చిన్న పాత్ర, దాని మీదా అదే మృగం ముఖం. ఒక రైతు ఎప్పుడో సమర్పించుకున్నది. మచ్చలు మచ్చలుగా, నిస్తేజంగా ఉందని దొరగారు ఎవరికీ చూపించేవారు కాదు. ముసలమ్మ తోమింది. పచ్చ రాలేదు. వెనిగర్ పోసి నానబెట్టి తోమింది. అప్పటికీ రాలేదు. ఆమె చేతుల్లోంచి నెత్తురు కారి బూడిదలో కలుస్తోంది.

"ఇదొక్కటీ రావట్లేదురా పెద్దోడా. ఒళ్లు దాచుకున్నాననుకుంటే చిన్నోణ్ణి ఆపేస్తారేమో."

"ఇలా ఇవ్వమ్మా. దీనికి పాంగ్ మరీ ఒళ్లు వంచినట్టున్నాడు," అన్నాడు వెన్‌బిన్.

మేక వేళ ముంచుకొస్తోందన్న ఆత్రంలో అతనికి ఇంకే ఆలోచనా రాలేదు. పొయ్యి మూలనున్న ఇటుకముక్క నలిపి పొడిచేశాడు. మోకాళ్ల మధ్య పాత్రను బిగించి, తమ్ముడి పేరు మనసులో అనుకుంటూ, ముప్ఫై ఏళ్లలో ఏ పాత్రనూ అంత గట్టిగా పట్టుకోనట్టు పట్టుకుని రుద్దాడు. పచ్చ పొరలు పొరలుగా లేచింది. దానితో పాటు మెలికలు పోయాయి, కొమ్ములు పోయాయి, మృగం గుడ్లు అరిగి నున్నబడ్డాయి. చివరికి పాత్ర మెరిసింది. తల్లీకొడుకులు ఒకరినొకరు చూసుకుని చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

దొరగారు నిండు దుస్తుల్లో, టోపీతో వచ్చారు. దెబ్బలు తిన్న పాంగ్‌ని ఇద్దరు మోసుకొచ్చి గుమ్మంలో పడేశారు. "పదకొండూ నీవేనని రాసుకో యాన్," అన్నారు దొరగారు.

పాంగ్ తల కాస్త ఎత్తి, ఇటుకపొడిలో మెరుస్తున్న చిన్న పాత్రను చూశాడు. దెబ్బలకి రాని ఏడుపు అతనికి అప్పుడు వచ్చింది. "పదే నావి దొరవారూ. అది నాది కాదు. అలాంటిది చేయడమే వస్తే ఇంత చిన్న ఊళ్లో మాట్లు వేసుకుంటూ ఎందుకుంటాను? అదొక్కటే నిజం పాత్ర."

దొరగారు ఆ పాత్రను రెండు చేతుల్లోకి తీసుకున్నారు. అరిగిపోయిన ముఖం మీద వేళ్లతో తడిమారు. తిట్టలేదు, కొట్టించలేదు. చంటిబిడ్డని పోగొట్టుకున్నవాళ్లలా దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. మున్షీ యాన్ కాగితం కొస పట్టుకుని ఒకసారి నోరు తెరిచి మూసేశాడు. బయట టపాకాయలు పేలాయి. మేక వేళ అయిందని పూజారి లోపలికి వచ్చి ముద్ర పెట్టెను రెండు చేతులా ఎత్తుకుని వెళ్లాడు. దొరగారు నిద్రలో నడిచినట్టు వెనకే వెళ్లి, మూడుసార్లు వంగి లేచి, ఎర్రకాగితం అంటించారు.

"అయ్యా, ఆ కాగితం..." అన్నాడు వెన్‌బిన్. "సంతకం అయిందిగదండీ. ఒక్క ముద్రేగా."

"ఆ ముద్రే మూసేశారు పంతులుగారూ," అన్నాడు మున్షీ యాన్, అతని కళ్లలోకి చూడకుండా. "ఇప్పుడు ఎర్రకాగితం చింపితే చక్రవర్తి మీద తిరగబడినట్టే. నెల రోజులేగా. ఓపిక పట్టండి."

ముసలమ్మకి ఆ మాటలు సరిగ్గా అర్థం కాలేదు. "అన్నీ మెరిశాయి కదరా, ఇంకా ఎందుకు వదల్లేదు?" అని దారంతా అడుగుతూనే ఉంది. వెన్‌బిన్ ఏమీ చెప్పలేదు. తర్వాత ఎప్పుడూ చెప్పలేదు. పండగ రోజుల్లో కూడా ఆమె జొన్నగంజి కుండ గుడ్డలో చుట్టుకుని చెరసాల గుమ్మం దాకా వెళ్లేది. కాపలావాడు తీసుకుని లోపల ఇచ్చేవాడు. మొదటి నెల పద్నాలుగున, దీపాల పండగకి ముందురోజు, గంజి తీసుకోకుండా కుండ వెనక్కి ఇచ్చేశాడు.

ముద్ర లేనిదే శవం కూడా బయటికి రాదు. చలి ఎక్కువగా ఉంది కాబట్టి ఆ ఆరు రోజులూ ఇబ్బంది లేకపోయింది. ఇరవయ్యో తేదీన ఎర్రకాగితం తీసి పెట్టె తెరిచారు. కొత్త ఏడాదిలో మొదటి ముద్ర శుభమైన కాగితం మీద పడాలని ఆచారం. ఖైదీ విడుదల కంటే శుభం ఏముందని మున్షీ యాన్ లియాంగ్ కాగితాన్నే పైన పెట్టాడు. దొరగారు నిండు మనసుతో ముద్ర వేశారు. విడుదలైనవాడు కాగితం మీద వేలిముద్ర వేసి వెళ్లాలన్నది నియమం. చెరసాలవాళ్లు నియమం తప్పేవాళ్లు కాదు, లియాంగ్ చేత వేయించే అన్నకి అప్పగించారు. వేలిముద్ర స్పష్టంగానే పడిందని మున్షీ యాన్ కాగితం అంచున రాసి సంతకం పెట్టాడు.